మా ఇంటి హత్య వాళ్లకి కామెడీ అయింది, కోర్టు ఆపుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. ఇరవై ఏళ్ల కిందట ఆయన్ని మా సొంత బాబాయే చంపాడు. కోర్టులో రుజువై యావజ్జీవం పడింది, శిక్ష ముగించుకుని ఇప్పుడు బయటే తిరుగుతున్నాడు. పోయినేడు ముంబై నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి, నాన్నగారికి నివాళిగా డాక్యుమెంటరీ తీస్తున్నామన్నారు. అమ్మా నేనూ మాట్లాడాం. ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఇప్పుడు ట్రైలర్ చూస్తే కడుపు మండిపోతోంది. చంపినవాడే శవం మీద పడి ఏడ్చి, పెద్దకర్మ భోజనాలకి వంటవాడితో బేరమాడటం జోకులా చూపించారు (ఆ వంటవాడు కోర్టులో సాక్ష్యం కూడా చెప్పాడు). నాన్నగారిని పీనాసి వడ్డీవ్యాపారి అన్నారు. అమ్మ ఏడుస్తుంటే వెనక కామెడీ మ్యూజిక్. అప్పటికి తొమ్మిదేళ్లున్న మా తమ్ముడు కూడా సాక్షే. వాడి పేరు, స్కూల్ ఫొటో వేశారు. వచ్చే నెల విడుదల. ఆపించగలమా? బాబాయికి కూడా డబ్బిచ్చారట, అది తప్పు కాదా?

జవాబు: అమ్మా, ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. మొత్తం డాక్యుమెంటరీని ఆపించడం చాలా కష్టం. కొన్ని భాగాలు తీయించడానికి మాత్రం గట్టిగా పోరాడొచ్చు.

వంటవాడి బేరం సంగతే చూడండి. అది కోర్టు రికార్డులో ఉంది. హత్యల కేసులో ఉరిశిక్ష పడిన తమిళనాడు ఖైదీ ఆటో శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథను నక్కీరన్ అనే తమిళ పత్రిక వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. ఆ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఎవరి కుటుంబ విషయాలు వారి సొంతం, అనుమతి లేకుండా రాయకూడదు. కానీ కోర్టు రికార్డుకెక్కిన విషయం మీద ఆ హక్కు నిలవదు. లైంగిక నేరాల బాధితుల వంటి వారికే మినహాయింపు. అన్నను చంపి, ఆ అన్న కర్మ భోజనాలకి ప్లేటు రేటు తగ్గించమన్నవాడు మీ బాబాయి. ఆ వెటకారం వాళ్లు కల్పించింది కాదు. మీ ఉత్తరం చదువుతూ నాకూ ఒక్క క్షణం నవ్వొచ్చింది, వెంటనే ఇబ్బందిగానూ అనిపించింది. వాళ్లు అమ్ముకునేది సరిగ్గా ఆ ఇబ్బందినే. అది నీచంగా ఉందని మీరనొచ్చు, నేనూ అంటాను. జడ్జి గారు మాత్రం అబద్ధం ఎక్కడుందని అడుగుతారు.

స్టేలు అసలు రావని కాదు. 2020లో సత్యం రామలింగరాజు తన మీద తీసిన ఓటీటీ ఎపిసోడ్‌కి హైదరాబాద్ సివిల్ కోర్టులో స్టే తెచ్చుకున్నారు. దాన్ని చూసి ధైర్యపడకండి. 2024 మార్చిలో సుప్రీంకోర్టు, విచారణ జరగకుండానే ప్రచురణను ఆపే ఉత్తర్వులు అరుదుగా తప్ప ఇవ్వొద్దని కింది కోర్టులను హెచ్చరించింది. అంతకు నెల ముందే, షీనా బోరా హత్య మీద తీసిన సిరీస్‌ను ఆపమని సీబీఐ బాంబే హైకోర్టుకి వెళితే, జడ్జీలు ముందుగా దాన్ని వేయించుకుని చూశారు. విచారణకి దెబ్బ తగిలేదేమీ లేదని వదిలేశారు. విచారణ నడుస్తున్న కేసులోనే అలా జరిగితే, ఎప్పుడో ముగిసిపోయిన మీ కేసులో ఏం చెప్పి ఆపమంటాం?

మీ బలమంతా ఆ సంతకం కాగితంలో ఉంది. సాధారణంగా వాటిలో "ఎలాగైనా ఎడిట్ చేసుకోవచ్చు, ఎక్కడైనా ఎప్పటికైనా వాడుకోవచ్చు" అని ఉంటుంది. అయినా నివాళి అని నమ్మించి తీసుకున్న సమ్మతిని కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ కింద రద్దు చేసుకోవచ్చు. కాస్త జాగ్రత్తపడితే మీకే తెలిసేది కదా అని వాళ్లు ఎదురుతిరుగుతారు. అందుకే అమ్మగారికి ఇంగ్లీషు వచ్చా, ఆ కాగితం ఎవరైనా తెలుగులో చదివి వినిపించారా, మీ దగ్గర కాపీ ఉందా అన్నవి ముఖ్యం. "నివాళి" అన్న మాట వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ ఉంటే అది మీకు బంగారం. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. ఆ చాట్‌ని కోర్టులో పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అది మీ లాయరు చూసుకుంటారు. కోర్టును అడగాల్సింది కూడా చిన్నదే: అమ్మగారి ఇంటర్వ్యూ తీసేయాలి, ట్రైలర్‌లోంచి కూడా. సినిమా అంతా ఆపమన్నదానికంటే ఇలాంటి కోరికకు జడ్జి చెవి ఒగ్గే అవకాశం ఎక్కువ.

తమ్ముడి విషయంలో వాళ్లు నిజంగా తప్పులో కాలేశారు. బాల సాక్షి పేరు, ఫొటో, స్కూలు వంటి వివరాలు ఏ మీడియాలోనూ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇప్పుడతను పెద్దవాడు కదా అని వాదిస్తారు. వాదించనివ్వండి, వాళ్లు చూపించింది తొమ్మిదేళ్ల పిల్లాడి ఫొటోనే. కంపెనీకి పంపే లాయర్ నోటీసులో మొదటి పేరా ఇదే పెట్టించండి.

పరువు నష్టం దగ్గర ఆశ తగ్గించుకోండి. చనిపోయినవారి పరువుకి సివిల్ నష్టపరిహారం వారసులకు రాదు. క్రిమినల్‌గా భారతీయ న్యాయ సంహిత 356 కింద, బతికున్న బంధువులను నొప్పించాలనే ఉద్దేశంతో చనిపోయినవారిని నిందిస్తే నేరమే. కానీ ఆ ఉద్దేశాన్ని నిరూపించడం మామూలు పని కాదు. వడ్డీవ్యాపారం మాట తీర్పులోనే ఉంటే ఈ దారి వదిలేయండి. ఏదేమైనా ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీ తెప్పించుకోండి.

కేసుకి ముంబై వెళ్లక్కర్లేదు. హాని జరిగిన చోట దావా వేయొచ్చు కాబట్టి గుంటూరులోనే వేయండి. కంపెనీ ముందే కేవియట్ వేసిందేమో చూడమనండి, వేసి ఉంటే వాళ్లకి చెప్పకుండా ఉత్తర్వు రాదు. నోటీసుతో పాటే ఓటీటీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు పెట్టండి, 2021 ఐటీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. ఈలోగా ట్రైలర్ కింద మీరు గానీ మీ బంధువులు గానీ తిట్లు రాయకండి. వాటిని వాళ్ల లాయరు ప్రింటు తీయించి కోర్టులో పెడతాడు.

ఇక బాబాయికి ఇచ్చిన డబ్బు. నేరం చేసినవాడు ఆ కథ అమ్ముకోకూడదనే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఆ డబ్బు ఆయనదే.