చెరువు పెంచే చేతికి అక్వేరియం ఎందుకు లొంగలేదు: బ్లూ రామ్ చేపల సంగతి

ప్రశ్న: సార్ నమస్కారం. మాది కైకలూరు దగ్గర, చెరువులో శీలావతి, బొచ్చె పెంచుతాం. అమ్మాయి ముచ్చట పడిందని రెండడుగుల అక్వేరియం కొని అదే రోజు ఆరు బ్లూ రామ్‌లు, రెండు గోల్డ్‌ఫిష్‌లు వేశాం. బోరు నీళ్లే, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 1000, పీహెచ్ (7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 8 ఉంది. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి శుభ్రంగా కడుగుతున్నాం. అయినా మూడు వారాల్లో నాలుగు రామ్‌లు పోయాయి. మిగిలిన రెంటిలో ఒకటి నల్లబడి మూలన ఉంటోంది, తెల్లటి దారంలా మలం వదుల్తోంది. ఏ మందు వెయ్యాలి?

జవాబు: నమస్కారం అండి. మందు సంగతి చెప్తాను కానీ ముందు నీళ్ల సంగతి చూడాలి, అది సరిచెయ్యకుండా ఏ మందేసినా మిగిలిన రెండూ కూడా దక్కవు.

చెరువులో పేడ, ఎరువు వేసి నీళ్లు తయారయ్యేదాకా ఆగి కదా మీరు పిల్లల్ని వదుల్తారు, మరి అక్వేరియంలో ఆ ఆగడమే జరగలేదు. చేప మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది, దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో, ఇసకలో కుదురుకోవాలి, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు ఆదివారం ఆదివారం అన్నీ కడిగేసరికి అది మళ్లీ మొదటికొస్తోంది. పైగా పీహెచ్ 8 అంటున్నారు, అదే అమ్మోనియా పీహెచ్ 6.5లో కంటే 8లో దాదాపు 30 రెట్లు ఎక్కువ విషంగా పనిచేస్తుంది. శీలావతి తట్టుకుంటుందేమో గానీ రెండంగుళాల రామ్ తట్టుకోలేదండి.

ఈ చేప పుట్టిల్లు వెనిజులా, కొలంబియాల్లో ఒరినోకో నది పచ్చిక మైదానాలు, అక్కడ నీళ్లు వెచ్చగా, మెత్తగా అంటే లవణాలు తక్కువగా, కొంచెం పుల్లగా ఉంటాయి. మన దగ్గరికి వచ్చేవి ఫారాల్లో పెంచినవే, కొద్దిగా మొండివి, అయినా టీడీఎస్ 1000 వాటికి చాలా ఎక్కువ. ఇంట్లో ఆర్ఓ ఉంటే, దాని టీడీఎస్ 40 దాకా ఉందనుకుంటే, ఐదు పాళ్లు ఆర్ఓ నీళ్లకి ఒక పాలు బోరు నీళ్లు కలపండి, 200 దగ్గరకొస్తుంది. ఒట్టి ఆర్ఓ మాత్రం వద్దు, పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. అలాగని ఈ రోజే మొత్తం మార్చేయకండి, ఆ షాక్‌కే చచ్చిపోతాయి. రోజూ ఐదో వంతు, అంటే మీ ట్యాంక్‌కి ఒక పది లీటర్ల బకెట్, తీసి ఈ కలిపిన నీళ్లు అదే వేడిలో నిదానంగా పోస్తూ పోండి, రెండు వారాలు. తర్వాత వారానికి ఒకసారి చాలు. స్పాంజ్ మురికి పడితే ఆ తీసిన ట్యాంక్ నీళ్లలోనే పిండండి, కుళాయి కింద పెట్టొద్దు. నాటు బాదం చెట్టు కింద రాలి ఎండిన ఆకు ఒకటి రెండు కడిగి వేస్తే నీళ్లు టీ రంగుకొస్తాయి, రామ్‌లకి అది బాగా పడుతుంది.

వేడి 28, 29 డిగ్రీలు ఉండాలి, 75 వాట్ల హీటర్ సరిపోతుంది, నీళ్లు మార్చేటప్పుడు ప్లగ్ తప్పకుండా తీసెయ్యండి. గోల్డ్‌ఫిష్‌కి ఈ వేడి పడదు, అది వదిలే మలం కూడా ఎక్కువ, రెంటినీ కలిపి పెంచకూడదు.

ఇప్పుడు నల్లబడిన చేప. లక్షణాల్ని బట్టి పేగుల్లో హెక్సామిటా లాంటి పరాన్నజీవి అనిపిస్తోంది, నీళ్లు బాగోక నీరసపడిన చేపకే ఎక్కువగా ముదురుతుంది. 15 లీటర్ల టబ్బులో ఎయిర్ పంపు, హీటర్ పెట్టి దాన్ని విడిగా వేసి, మెట్రోనిడజోల్ 200 ఎంజీ మాత్రలో సగం పొడి చేసి కలపండి, ఒక రోజు విడిచి ఒక రోజు మూడుసార్లు, ప్రతిసారీ ముందు పావు వంతు నీళ్లు మార్చి. టబ్బులో కార్బన్ ఫిల్టర్ ఉండకూడదు, మందుని పీల్చేస్తుంది. ఇంకా మేత తింటుంటే మేతకి ఆ మందు పట్టించి పెట్టడం ఇంకా మేలు. మిథిలిన్ బ్లూ అనే నీలం మందు మెయిన్ ట్యాంక్‌లో వెయ్యొద్దు, ఫిల్టర్‌లో కుదురుకునే ఆ మంచి బ్యాక్టీరియా చస్తుంది.

మేత రెండు పూటలా రెండు నిమిషాల్లో అయిపోయేంతే వెయ్యండి. మురుగు కాలవల ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు, ఫ్రీజ్ చేసిన ఆర్టీమియా (రొయ్యల్లాంటి చిన్న జీవులు) మేలు.

ఇవాళే గోల్డ్‌ఫిష్‌ల్ని వేరే టబ్బులోకి మార్చి, చెరువుకి వాడే అమ్మోనియా కిట్ మీ దగ్గరుంటే దాంతోనే అక్వేరియం నీళ్లు చూసి ఎంతొచ్చిందో రాయండి, దాన్ని బట్టి బకెట్ల లెక్క మార్చి చెప్తాను.