పిహెచ్‌డి కోసం ఎనిమిది నెలల సెలవు: చిట్టీ పాడాలా, ఉద్యోగం మానాలా?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. సర్వీసులో ఇది తొమ్మిదో ఏడు. చేతికి వచ్చే జీతం 62,000. మావారికి 48,000. ఉద్యోగం చేస్తూనే పిహెచ్‌డి చేస్తున్నాను. పరిశోధనా పత్రాలు వెలువడ్డాయి, థీసిస్ రాయడమే మిగిలింది. ఎనిమిది నెలలు జీతం లేని సెలవు పెట్టాలనుకుంటున్నాను. 30 లక్షల ఇంటి రుణం ఉంది, ఈఎంఐ 26,000. 5 లక్షల చిట్టీలో 25 నెలలకు 12 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. ఎఫ్‌డీలో 2.6 లక్షలున్నాయి. చిట్టీ పాడి ఆ డబ్బుతో గడిపేద్దామని మావారు అంటున్నారు. రాజీనామా చేసి పీఎఫ్ తీసుకోమని మా అన్నయ్య సలహా. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. సెలవు పెట్టండి, కానీ ఎనిమిది నెలలు కాదు, ఐదు నెలలు. అదీ ఈ సెమిస్టర్ ముగిశాక.

ముందు ఇంటి లెక్క చూద్దాం. మీరు పంపిన వివరాల ప్రకారం ఈఎంఐ 26,000, ఇంటి ఖర్చు 34,000, డివిడెండ్ (పాడినవారు వదులుకున్న సొమ్ములో మీ వాటా) పోను చిట్టీ వాయిదా సుమారు 18,000, పాప స్కూలు ఫీజు, బీమా ప్రీమియంలు నెలసరిన వేస్తే 9,000. మొత్తం 87,000. మీ జీతం ఆగితే వచ్చేది 48,000 మాత్రమే, అంటే నెలకు 39,000 లోటు. ఎనిమిది నెలలకు 3.12 లక్షలు కావాలి, ఎఫ్‌డీ చాలదు. ఐదు నెలలకైతే 1.95 లక్షలు సరిపోతాయి. ఇద్దరి జీతాలూ వస్తున్న ఇప్పుడు నెలకు 23,000 మిగులుతోంది. మరో మూడు నెలలు ఆగి బయలుదేరితే చేతిలో దాదాపు 3.3 లక్షలుంటాయి. సెలవు పూర్తయ్యేసరికి కూడా లక్ష పైచిలుకు మిగిలే ఉంటుంది.

ఇక చిట్టీ. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పాడుకున్న చిట్టీ డబ్బు మొత్తం మీది కాదు, అందులో అప్పు కూడా ఉంటుంది. ఇప్పుడు 75,000 వదులుకుని పాడారనుకుందాం. చేతికి 4.25 లక్షలు వస్తాయి. ఇంకా 13 వాయిదాలు కట్టాలి. 18,000 చొప్పున వేసినా 2.34 లక్షలు. పాట తగ్గేకొద్దీ డివిడెండ్ తగ్గి వాయిదా పెరుగుతుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటే ఎక్కువే అవుతుంది. కట్టాల్సింది తీసేస్తే మీకు నికరంగా దక్కేది 1.91 లక్షలు. ఇప్పటిదాకా మీరు కట్టింది 2.16 లక్షల దాకా ఉంది. కట్టినదానికంటే తక్కువ తెచ్చుకుని, అదీ జీతం లేని రోజుల్లో నెలనెలా వాయిదా మోస్తూ ఖర్చు పెట్టుకోవడం ఎందుకు? చివరి నెలల దాకా ఆగితే వదులుకోవాల్సిన మొత్తం బాగా తగ్గుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాట మీదే అయినా జామీను ఇవ్వకుండా డబ్బు చేతికి రాదు. చిట్‌ఫండ్ వాళ్లు జీతగాళ్లనే హామీదారులుగా అడుగుతారు, మీ జీతం స్లిప్పు కూడా చూస్తారు. సెలవులో ఉన్నప్పుడు ఆ స్లిప్పు ఏది? అందుకని ఆపద వస్తే చిట్టీ ఉందిలే అనుకోకండి. నిజంగా అత్యవసరమైతే ఇంట్లో ఉన్న బంగారం మీద చిన్న రుణం పర్సనల్ లోన్ కంటే నయం, క్రెడిట్ కార్డు కంటే ఎంతో నయం.

ఐదు నెలలే ఎందుకన్నానంటే, మీ ఎనిమిది నెలల్లో వైవా (మౌఖిక పరీక్ష) కోసం ఎదురుచూసే కాలం కూడా కలిసి ఉన్నట్టుంది. దానికి సెలవు అక్కర్లేదు. ప్రీ-సబ్మిషన్ సెమినార్ అయి, థీసిస్ సమర్పించిన మర్నాడే కళాశాలకు వెళ్లి చేరండి. ఆ తర్వాత పరీక్షకుల నివేదికలు రావాలి, వైవా జరగాలి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనలు ఇదంతా ఆరు నెలల్లో ముగించమంటున్నాయి, విశ్వవిద్యాలయాల తీరు మీకు నాకంటే బాగా తెలుసు. ఆ నిరీక్షణకు నెలకు 62,000 జీతం వదులుకోవడం దండగ. రాయడం ఐదు నెలల్లో తెమలకపోతే థీసిస్ సమర్పణకు గడువు పొడిగింపు అడగండి. మీరు ఆ నిబంధనలకు ముందే పిహెచ్‌డిలో చేరారో తర్వాతో చెప్పలేదు కనుక మీ విశ్వవిద్యాలయంలోనే అడిగి తెలుసుకోండి. పొడిగింపు ఫీజు ఎంతైనా ఒక నెల జీతం ముందు అది పెద్దదేమీ కాదు.

పట్టా రాగానే జీతం పెరుగుతుంది, అప్పులు తీర్చేయవచ్చన్న ఆశ మీ ఉత్తరంలో కనిపించింది. కొంత పెరగవచ్చు. కానీ సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మొత్తం ఎనిమిదేళ్ల అనుభవంలో కనీసం రెండేళ్లు పిహెచ్‌డి తర్వాతివై ఉండాలి. ఆ హోదా జీతాన్ని ఇప్పుడే ఖర్చు రాసుకోకండి.

రాజీనామా విషయంలో మీ అన్నయ్య మాట వినకండి. మంజూరైన సెలవుతో గ్రాట్యుటీకి సర్వీసు తెగదు, రాజీనామాతో తెగుతుంది. పీఎఫ్ పెన్షన్ అర్హతకు పదేళ్ల సర్వీసు కావాలి, మీరు గుమ్మం దగ్గర ఉన్నారు. ఇప్పుడు పెన్షన్ వాటాతో సహా పీఎఫ్ తీసేసుకుంటే ఆ సర్వీసు అంతా పోతుంది. సెలవులో చందా జమ కాకపోయినా ఖాతాలో ఉన్న సొమ్ముకు వడ్డీ వస్తూనే ఉంటుంది.

అయితే సెలవు నోటిమాట మీద పెట్టకండి. అఫిలియేషన్ (విశ్వవిద్యాలయ గుర్తింపు) తనిఖీల్లో అధ్యాపకుల లెక్క చూపాలి కాబట్టి యాజమాన్యం మీ స్థానంలో ఇంకొకరిని తీసుకోవడం ఖాయం. ఎప్పటినుంచి ఎప్పటివరకు సెలవు, తిరిగి అదే హోదాలో చేర్చుకుంటారా, తర్వాత ఇన్నేళ్లు పనిచేయాలన్న బాండు ఏమైనా ఉందా, ఇవన్నీ ఉత్తర్వులో ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల పేరుతో ఆపిన జీతం ఏదైనా ఉంటే బయలుదేరే ముందే వసూలు చేసుకోండి. సెలవులో ఉన్నవారి బకాయి వరుసలో ఎప్పుడూ వెనకే ఉంటుంది.

కళాశాల గ్రూపు ఆరోగ్య బీమా సెలవులో కొనసాగుతుందో లేదో అడగండి. కొనసాగినా కుటుంబం మొత్తానికి ఒక సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ప్రమాదాలు మినహా మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు వర్తించదు కాబట్టి ఆఖరి నెల దాకా ఆగకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఈఎంఐ మీ జీతం ఖాతా నుంచి పోతోందని రాశారు. జీతం రాని ఖాతాలో అది ఒక్కసారి తిరిగొచ్చినా పెనాల్టీ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. సెలవు మొదలయ్యే ముందు నెలలోనే బ్యాంకుకు వెళ్లి ఆ వాయిదాను మీవారి ఖాతాకు మార్పించండి. కొత్త మ్యాండేట్ (ఖాతా నుంచి వాయిదా తీసుకునే అనుమతి) నమోదు కావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.