మోడెం పలకని రాత్రి గురించి రాయి

తిరుపతి, బైరాగిపట్టెడ.

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు చిత్తూరు నుంచి పంపిన వ్యాసం సోమవారం అందింది. సాయంత్రం ఒకసారి, భోజనాలయ్యాక మరోసారి చదివాను. మూడోసారి ఊరికే చదవలేదు. అటక మీదున్న మా పాత స్పార్క్‌స్టేషన్ 5 కంప్యూటర్‌ను దింపించి, దుమ్ము దులిపి, నీ కాగితాలు కీబోర్డు పక్కన పెట్టుకుని, నువ్వు చెప్పినట్టల్లా చేస్తూ పోయాను. కథ బాగుందో లేదో మంచం మీద పడుకుని తేల్చవచ్చు. పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్‌కు డయలప్, అంటే మోడెం అనే పెట్టెతో ఫోను లైను మీదుగా ఇంకో కంప్యూటర్‌ను అందుకునే ఏర్పాటు, ఎలా పెట్టుకోవాలో చెప్పే వ్యాసాన్ని మాత్రం యంత్రం ముందు కూర్చునే చదవాలి. మీ పెద్దమ్మ ఈ పరీక్షను ఒప్పుకోలేదనుకో. హాల్లో ఉన్న ఒక్క బల్లా దానికే సరిపోయింది.

ఆరో పేజీలో ఆగిపోయాను.

అక్కడ నువ్వు రాసింది ఇదీ: "టిప్ హార్డ్‌వైర్ అని కొట్టి, మోడెం స్పందిస్తోందో లేదో సరిచూసుకోవాలి." కొట్టాను. టిప్ అంటే పోర్టుకు తగిలించినదానితో నేరుగా మాట్లాడించే ప్రోగ్రాము. తెర మీద 'కనెక్టెడ్' అని వచ్చింది. సంతోషించి, మోడెంను పలకరించే 'ఏటీ' కొట్టి ఎంటర్ నొక్కాను. జవాబు లేదు. ఇంకోసారి నొక్కాను. మోడెం ఆపి మళ్లీ వేశాను. కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టినవాణ్ణి, పదకొండు దాటాక గానీ సంగతి బోధపడలేదు. ఆ యంత్రాన్ని నడిపే సొలారిస్ అనే యూనిక్స్‌లో రిమోట్ అనే ఫైలు ఉంటుంది కదా, అందులో హార్డ్‌వైర్ అనే పేరు మొదటినుంచీ, వెనకున్న ఏ, బి అనే రెండు పోర్టుల్లో 'బి'ని చూపిస్తుంది. నాలుగో పేజీలో నువ్వు మోడెంను 'ఏ' అనే పోర్టుకు తగిలించమన్నావు. నేను బుద్ధిగా అలాగే తగిలించాను. ఇక ఆ 'కనెక్టెడ్' అన్న మాట మోడెం చెప్పింది కాదు. పోర్టు తెరుచుకుందని టిప్ తన మానాన తాను చెప్పుకున్న మాట. ఖాళీ బి పోర్టుతో గంటన్నర మాట్లాడాను.

నీ యంత్రంలో ఎలా పనిచేసింది? ఆ వరుసను నువ్వు ఎప్పుడో మార్చి ఉంటావు. మార్చిన సంగతి మరిచిపోయి ఉంటావు. ఇందులో నీ తప్పేమీ లేదమ్మా, రాసేవాళ్లందరికీ జరిగేదే. పని అయిపోయాక రాయడానికి కూర్చుంటే, ఆ పని అంతా తిన్నగా సాగినట్టే గుర్తుంటుంది. మూడు రాత్రులు పడ్డ పాట్లు మనసు చెరిపేస్తుంది. అందుకే నీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే: మోడెం పలకని రాత్రి గురించి రాయి. పలికిన తర్వాతి సంగతి పాఠకుడు తనే చూసుకుంటాడు. అతనికి నీ అవసరం పడేది పలకనప్పుడు.

దీనికి దారి ఏమిటంటే, ఇంకో డిస్కు మీద సొలారిస్‌ను మొదటినుంచి ఎక్కించు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, చేసింది చేసినట్టు, చేస్తున్నప్పుడే రాసుకో. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న వేసుకో: ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చానని పాఠకుడికి దేన్ని చూసి తెలుస్తుంది?

ఆ గుర్తులు నీ కళ్లముందే ఉన్నాయి. నీ మోడెం ముందు భాగంలో వరుసగా ఎర్ర దీపాలున్నాయి, వాటి కింద రెండేసి అక్షరాలున్నాయి. పద్దెనిమిది పేజీల్లో వాటి ప్రస్తావన ఒక్కచోటా లేదు! వాటిని ఒక్కొక్కటిగా చూపించు. టిప్ పోర్టును తెరవగానే టీఆర్ దీపం వెలగాలి. అంటే వర్క్‌స్టేషన్ సిద్ధంగా ఉన్నట్టు మోడెంకు తెలిసింది. వెలగలేదా, నువ్వు తెరిచిన పోర్టు వేరు, కేబుల్ ఉన్న పోర్టు వేరు, లేదా కేబుల్‌లో ఇరవయ్యో పిన్నుకు తీగ లేదు. నా గంటన్నర ఈ ఒక్క వాక్యంతో మిగిలేది. ఆ తర్వాత 'ఏటీ' కొడితే ఎస్‌డీ మిణుక్కుమనాలి, ఆ వెంటనే ఆర్‌డీ మిణుక్కుమనాలి. మొదటిది మెరిసి రెండోది మెరవకపోతే మాట మోడెం దాకా వెళ్లింది, మోడెం మాత్రం నోరు విప్పలేదు. అప్పుడు కేబుల్ జోలికి పోనక్కర్లేదు, వేగాన్నీ మోడెం అమరికలనూ చూడాలి. అవతలి మోడెంతో లైను కలిశాక సీడీ వెలుగుతుంది. నాలుగు దీపాలతో సగం రోగాలు బయటపడతాయి. పాఠకుడు అర్ధరాత్రి ఒంటరిగా కూర్చున్నప్పుడు అతనికి తోడుండేవి అవే.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి నా పరువు తక్కువ సంగతి ఒకటి చెబుతాను. తొంభైల చివర ఒక పత్రికలో కంప్యూటర్ శీర్షిక రాసేవాణ్ణి. మోడెం తగిలించడం గురించి రాస్తూ, నల్ మోడెం కేబుల్ కొనుక్కోమన్నాను. పేరులో మోడెం ఉందిగదా అని చెయ్యి అలా రాసేసింది. అది రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే కేబుల్. అందులో రెండు, మూడు పిన్నుల తీగలు అడ్డంగా మారి ఉంటాయి. మోడెంకు కావలసింది తీగలు తిన్నగా వెళ్లే కేబుల్. నెల తర్వాత మదనపల్లె నుంచి ఒక కార్డు వచ్చింది. "అయ్యా, మీరు చెప్పిన కేబుల్‌తో మోడెం పలకలేదు. కేబుల్ ఖరీదు 150 రూపాయలు." అంతే, తిట్టు కూడా లేదు. మనియార్డరు పంపాను. తర్వాతి నెల శీర్షికలో తప్పు దిద్దుకున్నాను. ఆనాటినుంచీ నా చేతుల్లోకి తీసుకోని వస్తువు పేరు కాగితం మీద పెట్టలేదు. నువ్వు కేబుల్ విషయం సరిగ్గానే రాశావు, కానీ 'తగిన కేబుల్' అని రాశావు. ఏది తగిందో తెలియకనే కదా అతను నీ వ్యాసం చదువుతున్నది?

భాష దగ్గరకొస్తాను. మోడెంను 'స్వరపరివర్తిని' అన్నావు, వర్క్‌స్టేషన్‌ను 'కార్యస్థానం' అన్నావు. గాంధీ రోడ్డులో ఏ దుకాణంలోనైనా స్వరపరివర్తిని ఉందా అని అడిగి చూడు, హార్మోనియం చూపిస్తారు. మోడెంను మోడెం అనే అను. తెలుగుతనం పేర్లలో లేదు, క్రియల్లో ఉంది. టెలిఫోను మన ఊళ్లకు వచ్చిననాడే తెలుగు దానికి కావలసిన మాటలన్నీ సర్దిపెట్టింది: లైను కలిసింది, లైను తెగింది, గంట మోగింది, అవతల ఎత్తారు, పలికింది, పలకలేదు. నువ్వేమో 'సంధానం విచ్ఛిన్నమగును' అని రాశావు. మీ నాన్న ఫోనులో ఎప్పుడైనా అలా అన్నాడా?

రెండు మోడెంలు ఒకదాన్నొకటి పట్టుకునే ఘట్టాన్ని పెళ్లిచూపులతో పోల్చి ఒకటిన్నర పేజీ నడిపావు. వధువు, వరుడు, పెళ్లిళ్ల పేరయ్య, కాఫీ గ్లాసులు కూడా వచ్చాయి. నవ్వాను, కాదనను. కానీ అంతా అయ్యాక ఆ చప్పుడేమిటో నాకు తెలియలేదు. అవతలి మోడెం ఫోను ఎత్తగానే 2100 హెర్ట్‌జ్‌ల కూత వేస్తుంది. ఫోను లైనులో ప్రతిధ్వనిని అణిచే పరికరాలుంటాయి, మనుషుల మాటకు అవి మేలు, మోడెంలకు అడ్డం. ఆ కూత వినగానే అవి పక్కకు తప్పుకుంటాయి. ఆ తర్వాతి గరగర అంతా లైను ఎంత వేగం మోయగలదో పరీక్షించుకోవడం. అసలు సంగతే ఇంత బాగుంటే కాఫీ గ్లాసులెందుకు? పోలికను ఒక్క వాక్యంలో ముగించు.

సొలారిస్ 2.6లో పీపీపీ (ఫోను లైను మీద ఇంటర్నెట్‌ను నడిపే పద్ధతి) ఏర్పాటు గురించి రాసిన భాగం అన్నిటికన్నా మెరుగు. సిస్టమ్స్, డివైసెస్, డయలర్స్ అనే మూడు ఫైళ్లను విడమరిచి చెప్పావు: ఎవరికి ఫోను చేయాలో ఒకటి, ఏ పోర్టుకు ఏ రకం మోడెం ఉందో ఒకటి, ఆ మోడెంతో ఎలా మాట్లాడాలో ఒకటి. ఒకదానిలోని పేరు పట్టుకుని యంత్రం రెండోదానికీ, అక్కడి పేరుతో మూడోదానికీ వెళ్తుందని కూడా చెప్పు. సిస్టమ్స్‌లో వేగం 38400 అని, డివైసెస్‌లో 19200 అని ఉంటే రెండింటికీ పొంతన కుదరదు, డయల్ చేయడం దాకా పోనే పోదు. ఇవి యూయూసీపీ (యూనిక్స్ యంత్రాలు ఫోను మీద ఫైళ్లు పంపుకునే పాత ఏర్పాటు) ఫైళ్లనీ, అది 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిందనీ, ఫోను చేయడం దానికి ముందే వచ్చు కాబట్టి పీపీపీ ఆ విద్యను అరువు తెచ్చుకుందనీ రెండు ముక్కలు చేర్చు. అది తెలియకపోతే ఇంటర్నెట్ అమరికకు యూయూసీపీ డైరెక్టరీ ఎందుకు తెరవాలో ఎవరికీ అంతుపట్టదు. సొలారిస్ 9లో ఈ పద్ధతి పోయి పీపీపీడీ అనే వేరే ప్రోగ్రాము వచ్చింది, కాబట్టి నీది ఏ సొలారిస్సో మొదటి పేజీలోనే చెప్పాలి.

ఆ సిస్టమ్స్ ఫైలులో ఒక చిన్న ముల్లు ఉంది. అవతలి యంత్రం 'లాగిన్' అని అడిగేదాకా ఆగమని చెప్పేటప్పుడు, ఇంగ్లీషులో ఆ మాట మొదటి అక్షరం వదిలేసి మిగతాది రాస్తారు. అది పెద్దక్షరంగా వస్తుందో చిన్నక్షరంగా వస్తుందో చెప్పలేం గనక. నువ్వు సరిగ్గానే రాశావు. కానీ ప్రూఫులు దిద్దే ఆయన ఊరుకోడు, అక్షరం పడిపోయిందనుకుని చేరుస్తాడు. పక్కనే "ఇది అచ్చుతప్పు కాదు, ఇలాగే ఉండాలి" అని రాసిపెట్టు. అచ్చయ్యేలోపు ఒకసారి చూసుకో కూడా.

ఒక తప్పు మాత్రం తప్పే. పెట్టె మీద 56కె అని ఉంది కాబట్టి 56,000 బిట్ల వేగం వస్తుందన్నావు. 1998లో వచ్చిన వి.90 పద్ధతిలో ఆ వేగం కావాలంటే లైనుకు ఒక చివర డిజిటల్ అయి ఉండాలి. నువ్వు ఎదురెదురుగా పెట్టినవి రెండూ మామూలు మోడెంలు. సెకనుకు 33,600 బిట్లు దాటవు. 'చాలా నెమ్మది' అని రాసే బదులు, నీ ఫోనులోని మూడు మెగాబైట్ల ఫొటో రావడానికి దాదాపు పన్నెండు నిమిషాలు పడుతుందని రాయి.

అన్నట్టు, 'రెండు మోడెంలనూ ఫోను తీగతో కలపండి' అని ఒక్క వాక్యంతో దాటేశావు. ఇప్పుడు రాగి తీగ ఫోను ఉన్న ఇళ్లు ఎన్ని? అందరూ చేయాల్సింది ఇదే, కాబట్టి ఇక్కడ నిలబడి చెప్పు. మధ్యలో ఎక్స్ఛేంజి లేదు, కాబట్టి డయల్ టోను రాదు, గంటా మోగదు. టోను కోసం కాచుకోవద్దని ఇవతలి మోడెంకు 'ఏటీఎక్స్1డీ' అనీ, గంట మోగకపోయినా ఎత్తమని అవతలిదానికి 'ఏటీఏ' అనీ చెప్పాలి. కొన్ని మోడెంలు లైనులో కరెంటు లేకపోతే ఉలకవు. వాటికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ, దానితో వరుసలో 300 ఓమ్‌ల రెసిస్టరు నేను పెట్టేవాణ్ణి. నువ్వేం పెట్టావో బొమ్మ గీసి చూపించు.

మొదటి పేజీలోని 'ఆ స్వర్ణయుగం' తీసెయ్యి. నువ్వప్పటికి పుట్టలేదు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో ఇంటర్నెట్‌ను జనానికి తెరిచింది. ఆ నాలుగింటిలో మనకు దగ్గరిది మద్రాసు. తిరుపతి నుంచి అక్కడికి ఎస్‌టీడీ, అంటే దూరపు ఫోను రేటు. రాత్రి రేటు తగ్గేదాకా మేలుకుని, లైను కలిశాక సగంలో తెగితే బిల్లు తలుచుకుని నీళ్లు తాగి పడుకునేవాళ్లం. స్వర్ణం ఎవరికి మిగిలిందో నాకు తెలియదు.

మళ్లీ రాసిన కాగితాలు పోస్టులో పంపవద్దు. ఆదివారం బస్సెక్కి వచ్చెయ్యి, బల్ల మీద యంత్రం ఇంకా అలాగే ఉంది. నువ్వు పక్కన కూర్చో, నోరు మెదపకూడదు. నేను కాగితం చూస్తూ చేస్తాను. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకో. వచ్చేటప్పుడు 25 పిన్నుల కేబుల్ ఒకటి తీసుకురా. మాదానికి టీఆర్ దీపం వెలిగి ఆరిపోతోంది, ఏదో తీగ లోపల వదులైనట్టుంది.

మీ పెదనాన్న