సీఎన్‌సీ చెక్కపనికి షరతుల కాగితం: ఏం రాసుకోవాలి?

గుంటూరులో కొత్తగా సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని కోసే, చెక్కే మెషిన్) పెట్టానని, అడ్వాన్స్ ఎంత తీసుకోవాలి, షరతులు ఎలా రాసుకోవాలని అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో నాదీ ఇదే పని. అడ్వాన్స్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా: చెక్క మనం కొంటే దాని ఖరీదు మొత్తం, చెక్క వాళ్లదైతే కూలిలో సగం. అసలు పేచీలు వచ్చేది డబ్బు దగ్గర కాదండీ, చెక్క దగ్గరా డ్రాయింగ్ దగ్గరా.

పాత ఇల్లు పడగొట్టి, ఆ టేకు దూలాలతో పూజగది తలుపులు చేయమని వస్తారు. చెక్క మంచిదే, కాదనను. కానీ లోపల విరిగిన మేకు ఒక్కటి ఉన్నా బిట్టు (మెషిన్‌లో తిరుగుతూ చెక్కని కోసే ముక్క) పోతుంది, చెక్క మీద గాటూ పడుతుంది. నేనైతే చేతి మెటల్ డిటెక్టర్‌తో చూడకుండా దూలం మెషిన్ మీదకి ఎక్కించను. అయినా కాగితం మీద ఉండాలి: మేకులు తీయించి తేవాల్సింది కస్టమరే, ఇనుము తగిలి బిట్టు విరిగితే ఖరీదు వాళ్లదే, ఆరని చెక్క తర్వాత వంగినా పగిలినా మన పూచీ లేదు. పచ్చి చెక్కయితే మొహమాటపడకుండా వెనక్కి పంపండి.

డ్రాయింగ్ విషయానికొస్తే, వాట్సాప్‌లో ఫొటో పంపి ‘అచ్చం ఇలాగే’ అంటారు. ఆ ఫొటో మీద పని మొదలుపెట్టొద్దు. కొలతలతో ప్రింటు తీసి సంతకం పెట్టించండి. 6 ఎంఎం బిట్టుతో జాలీ కోస్తే లోపలి మూలల్లో 3 ఎంఎం గుండ్రం మిగులుతుంది. పదునైన మూల కావాలంటే వడ్రంగి ఉలితో తీయాలి, ఆ కూలి వేరు. ఇది ముందు చెప్పకపోతే తీసుకెళ్లే రోజున గొడవే. సంతకం తర్వాత మార్పుకి చార్జీ, కోత మొదలయ్యాక మార్పు లేదు. డెలివరీ గడువు కూడా సంతకం, చెక్క రెండూ చేతికొచ్చిన రోజు నుంచే లెక్క. శ్రావణ మాసం గృహప్రవేశాల వాళ్లకి ఇది రెండుసార్లు చెప్పండి.

బాకీ ఇవ్వకుండా సరుకు అడిగితే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, కస్టమర్ చెక్క మీద ఒప్పుకున్న పని పూర్తిచేస్తే కూలి ముట్టేదాకా ఆ వస్తువుని మన దగ్గరే ఉంచుకోవచ్చు. అయితే అది ఆ పని కూలికే. ఆయన పాత బాకీకి ఈ తలుపు పట్టుకోవడానికి ఈ సెక్షన్ పనికిరాదు. పైగా ‘నెల తర్వాత ఇద్దురులే’ అని మీరే గడువిస్తే ఈ హక్కూ పోతుంది. అందుకే ఇంటీరియర్ కాంట్రాక్టర్లకి నోటిమాట అరువు వద్దంటాను.

ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన షీటు) పనికి ఇంకో లైను చేర్చండి: 8×4 షీటు కొంటే బిల్లు 32 చదరపు అడుగులకీ, మిగిలిన ముక్కలు కస్టమరువే. అవి వారంలో పట్టుకెళ్లకపోతే షాపులో ఉంచబోమని కూడా రాయండి. నా షాపులో ఒక గోడ వాటికే పోయింది.