సమాధానం: గ్రంథాలయ ఆహ్వానపత్రికకు ఏ మాట?

ఏళ్ల తరబడి మూతపడిన మీ ఊరి గ్రంథాలయం మళ్లీ తెరుచుకుంటోందని చదివి ఎంతో సంతోషించాను. ఆహ్వానపత్రికపై ‘నవీకరణ’ అని వేయాలా, ‘పునరుజ్జీవనం’ అని వేయాలా అని అడిగారు. రెండూ వద్దు. పైన ‘పునఃప్రారంభోత్సవం’ అని వేయండి.

కప్పు బాగుచేయించి, బీరువాలు నిలబెట్టిన పని గురించి లోపల రాసేటప్పుడు ‘పునరుద్ధరణ’ సరైన మాట. పాడైనదాన్ని మళ్లీ పనికొచ్చే స్థితికి తేవడం దాని అర్థం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయను చెరువుల పునరుద్ధరణ అన్నారు. గాలివానకు పోయిన కరెంటు తిరిగి వచ్చినా పత్రికలు ఇదే మాట వాడతాయి. గుడి అయితే ‘జీర్ణోద్ధరణ’ అనేవాళ్లం. ‘నవీకరణ’లో కాలానికి తగినట్టు మార్చడం ప్రధానం, మీరు కంప్యూటర్లు పెడితే ఆ ఒక్క వాక్యంలో వాడండి. ‘పునరుజ్జీవనం’ మరీ పెద్ద మాట, ఐరోపా చరిత్ర పాఠాల్లో చదువుకున్నది.

పిల్లలు మళ్లీ చదువుకోవడానికి వస్తున్నారని చెప్పే చోట మాత్రం సంస్కృతం పక్కన పెట్టి, ‘మా గ్రంథాలయం మళ్లీ చిగురించింది’ అని రాయండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే.

మీ చిత్తుప్రతిలో ‘తిరిగి పునఃప్రారంభం’ అని ఉంది. ‘పునః’ అంటేనే తిరిగి కాబట్టి మొదటి మాట కొట్టేయండి. అచ్చులో విసర్గ జారిపోకుండా కూడా చూసుకోండి.