సర్టిఫికెట్ లేని డైవింగ్ నేరమా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా బావగారి దగ్గర నేర్చుకుని ఆరేళ్లుగా రుషికొండ వైపు స్కూబా డైవింగ్ చేస్తున్నాను. ఏ సర్టిఫికెట్టూ లేదు. ఈమధ్య తెలిసినవారు డబ్బిచ్చి తమనూ సముద్రంలోకి తీసుకెళ్లమంటున్నారు. ‘ఏం జరిగినా బాధ్యత మాదే’ అని సంతకం చేయించుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మీ సరదా కోసం మీరు దిగినంతకాలం, సర్టిఫికెట్ లేకపోవడం ఒక్కటే మిమ్మల్ని నేరస్థుణ్ని చేయదు. పాడీ (PADI) వంటి డైవింగ్ శిక్షణ సంస్థల కార్డులు శిక్షణ పూర్తయిందని చెప్పే ధ్రువపత్రాలే గాని ప్రభుత్వ లైసెన్సులు కావు.

ఇతరులను దింపడం వేరు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు వైద్యుల గురించి తీర్పు చెబుతూనే, నైపుణ్యం ఉందని చెప్పుకునే వ్యక్తికి అది నిజంగా ఉందా, ఉంటే తగిన జాగ్రత్తతో వాడాడా అన్నదే నిర్లక్ష్యానికి కొలమానమని స్పష్టం చేసింది. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు; అక్కడ సిలిండర్ గాలి పీల్చిన కొత్త మనిషి భయంతో ఊపిరి బిగబట్టి పైకి లేస్తే, ఆ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. ఇది మీకు అనుభవంతో తెలిసే ఉంటుంది, కాని దిగేముందు ఆయనకు చెప్పారా, లోతు లేని నీటిలో సాధన చేయించారా అనే అడుగుతారు. అందుకు జవాబుగా చూపడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

తీవ్ర నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని రుజువైతే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. ఇది రాజ్యం పెట్టే కేసు కనుక మృతుడి సంతకం దీన్ని ఆపలేదు. సంతకం చేసిన ఆ కాగితం, సముద్రపు సహజ ప్రమాదాలు తెలిసే దిగారని చూపడానికి కొంత పనికొస్తుంది; మీ అజాగ్రత్తకు మాఫీ మాత్రం ఇవ్వదు. డబ్బు తీసుకుంటే అది సేవ అవుతుంది కాబట్టి, గాయపడినవారు రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అది ఫీజు కాదు, పడవ డీజిలు ఖర్చులు పంచుకున్నామన్న వాదన నిలుస్తుందన్న భరోసా నేనివ్వలేను.

మీ ఆరేళ్ల అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. శిక్షణలో అది ఎంతో అక్కరకొస్తుంది. కాని ఇన్‌స్ట్రక్టర్ స్థాయి శిక్షణ పూర్తయ్యేదాకా ఎవరినీ దింపకండి, ఇప్పటికే బయానా తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయండి. మీ సొంత బీమా పాలసీలో డైవింగ్ మినహాయింపు ఉందేమో ఈ వారంలోనే చదివి చూడండి.