సొంత ఐపీ కొంటే స్పామ్ బాధ పోతుందా?

సందేహం: మేం విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముతున్నాం. అమెజాన్ ఎస్ఈఎస్ (పెద్ద సంఖ్యలో మెయిల్స్ పంపే సేవ) ద్వారా నెలకు 40 వేల దాకా మెయిల్స్ పంపుతాం. ఎక్కువగా పండగ ఆఫర్లే. ఈమధ్య చాలా మెయిల్స్ స్పామ్‌లోకి పోతున్నాయి, ఒకటే టెన్షన్. డెడికేటెడ్ ఐపీ (మెయిల్స్ పంపడానికి మనకొక్కరికే కేటాయించే ఇంటర్నెట్ చిరునామా) తీసుకుందామని మా డెవలపర్ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఎస్ఈఎస్‌లో వెయ్యి మెయిల్స్‌కు 10 సెంట్లు. అంటే మీ 40 వేలకు అయ్యేది 4 డాలర్లు. స్టాండర్డ్ డెడికేటెడ్ ఐపీకి మాత్రం నెలకు 24.95 డాలర్ల అద్దె, మెయిల్స్ పంపినా పంపకపోయినా. డబ్బు సంగతి అలా ఉంచినా, దానివల్ల మీ కష్టం ఇంకా పెరగొచ్చు.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు కిరాణా కొట్టులో మొదటి రోజే ఖాతా రాయరు. కొన్నాళ్లు రోజూ కొంటూ ఉంటేనే నమ్మకం కుదురుతుంది. జీమెయిల్, యాహూలు కొత్త ఐపీని చూసేదీ అలాగే. రోజుకు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పంపాలి. దీన్నే వార్మప్ అంటారు. ఎస్ఈఎస్ దాన్ని 45 రోజుల్లో తనంతట తానే చేసిపెడుతుంది. కానీ ఆ తర్వాతా మెయిల్స్ క్రమం తప్పకుండా వెళ్తుండాలి. సంక్రాంతికి ఒకేసారి ఇరవై వేలు పంపి, ఉగాది దాకా ఊరుకుంటే ఆ నమ్మకం నిలవదు. షేర్డ్ ఐపీల్లో ఎందరో పంపుతుంటారు కాబట్టి ఆ లోటు కనిపించదు. మీకు అవే మేలు.

అసలు తప్పు వేరే చోట ఉండి ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధనలు బిగించింది. ఎస్పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే, అంటే మీ సైట్ పేరు నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) సెట్ అయ్యాయో లేదో చూడండి. ఒక్కరోజులో 5 వేలకు పైగా జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లకు రెండూ ఉండాలి, డీమార్క్ (ఆ పరీక్షలో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే సెట్టింగు) కూడా కావాలి, ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలి. స్పామ్ అని నొక్కేవాళ్లు వెయ్యికి ముగ్గురి దాకా పోకూడదు, ఒకరి కంటే తక్కువే ఉంటే మంచిది. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్ చేర్చుకుంటే ఆ లెక్క ఉచితంగా కనిపిస్తుంది. ఎప్పుడో ఒక్క సీసా కొని మళ్లీ మీ మెయిల్ తెరవనివాళ్లను లిస్టులోంచి తీసేయండి. తీసేయడానికి మనసొప్పదని తెలుసు, కానీ మిగతా కస్టమర్లకు మీ మెయిల్ అందాలంటే తప్పదు.

సందేహం: మాది బుకింగ్ సైట్. టికెట్లు, ఆఫర్లు కలిపి రోజూ లక్షకు పైగా మెయిల్స్ వెళ్తాయి. నాలుగు డెడికేటెడ్ ఐపీలున్నాయి. ఆఫర్లు పంపిన రోజున టికెట్లు ఆలస్యంగా చేరుతున్నాయి.

జవాబు: మీకు డెడికేటెడ్ ఐపీలు తగినవే, అన్నిటినీ కలిపి వాడటమే చిక్కు. ఎస్ఈఎస్‌లో రెండు ఐపీ పూల్స్ (ఐపీల గుంపులు) చేసి, ఒకటి టికెట్లకు, ఒకటి ఆఫర్లకు కేటాయించండి. ఒక్కోదానికి ఒక కాన్ఫిగరేషన్ సెట్ (ఏ పూల్ నుంచి పంపాలో చెప్పే సెట్టింగుల కట్ట) కట్టి, మెయిల్ పంపే కోడ్‌లో దాని పేరు ఇస్తే చాలు. ఆఫర్లకు సబ్‌డొమైన్ (మీ సైట్ పేరుకు ముందు ఇంకో మాట చేర్చిన చిరునామా) కూడా వేరుగా పెట్టండి. జీమెయిల్ ఐపీతో పాటు డొమైన్ పేరునూ చూస్తుంది. ప్రయాణానికి బయల్దేరినవాళ్ల టికెట్ ఆగకూడదు కాబట్టి ముందు టికెట్ల పూల్ సిద్ధం చేసుకుని, ఆఫర్లను ఆ తర్వాత మార్చండి.